ప్రాణహితాతీరమున కృష్ణమృగములు

ప్రాణహిత! ప్రాణులకు హితము చేయునది యని యర్థము. మన పూర్వులు నదులకు పెట్టిన పేళ్లలో ఇంతకంటె చక్కనిది అరుదు. వార్ధానదియు వైనగంగయు కలిసి ఈ పేరు ధరించి, ఒక యొడ్డున తెలంగాణమును, మఱియొక యొడ్డున మహారాష్ట్రమును ఉంచుకొని, దక్షిణముగా ప్రవహించి కాళేశ్వరముకడ గోదావరిలో లీనమగుచున్నది. కాళేశ్వరమున ఒకే పానవట్టముమీద వెలసిన రెండు లింగములను దర్శించినవారు మన సోదరీమణులలో పెక్కండ్రుందురు. 2022 ఏప్రిలులో వచ్చిన ప్రాణహిత పుష్కరములకు పోయి స్నానమాడి వచ్చినవారును ఉందురు. కాని ఆ నదియొడ్డున, ఆ నీరే త్రావి, ఆ గడ్డియే మేసి బ్రతుకుచున్న కృష్ణమృగములను కన్నులార చూచినవారు కొలదిమంది. వానిని చూడవలెనను కోరికతో మేము నలుగురము స్త్రీలము, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని, మాఘమాసమున కరీంనగరమునుండి బయలుదేరితిమి.

పెద్దపల్లి దాటువఱకు దారికిరువైపుల వరిచేలు, నడుమనడుమ నల్లరాతిగుట్టలు. రామగుండము సమీపించునప్పటికి దృశ్యము మాఱును. విద్యుత్కేంద్రముయొక్క పొగగొట్టములు ఆకాశమునంటుచుండును. బొగ్గులారీలు వరుసలు తీఱియుండును. గోదావరి వంతెన దాటినచో మంచిర్యాల. పూర్వపు ఆదిలాబాదు జిల్లాను 2016 అక్టోబరులో నాలుగు జిల్లాలుగా విభజించినప్పుడు ఈ పట్టణము ఒక జిల్లాకు ముఖ్యస్థానమైనది. అక్కడినుండి తూర్పుగా జైపూరు, భీమారము దాటి చెన్నూరు చేరితిమి. చెన్నూరుకడ గోదావరి కొంతమేర ఉత్తరముఖముగా ప్రవహించుటచే ఆ స్థలమును పుణ్యక్షేత్రముగా భావింతురు. అచ్చటి అగస్త్యేశ్వరాలయమును సేవించుకొని కోటపల్లి మార్గము పట్టితిమి. ఇక దారికిరుప్రక్కల టేకు, మద్ది, మోదుగు చెట్లు. ఆకులు రాలుచుండుటచే అడవి పలుచబడి, లోపలి గడ్డిబయళ్లు కనబడసాగినవి.

ఈ ప్రదేశమునకే ప్రాణహిత వన్యప్రాణి సంరక్షణకేంద్రమని పేరు. 1980లో సుమారు 136 చదరపు కిలోమీటర్ల మేర దీనిని ఏర్పఱచిరి. పడమటనున్న కవ్వాల అడవికి, అది పులుల అభయారణ్యమగుటచేత, దేశమంతట పేరు వచ్చినది. ప్రాణహిత కేంద్రమున అంత సందడి లేదు. ఇచ్చటి ముఖ్యనివాసి పులి కాదు. గడ్డితిని బ్రతుకు సాధుజంతువు.

మృగములను చూచుటకు ముందు ఈ నేలనుగూర్చి ఒకమాట చెప్పవలెను. ప్రాణహిత, గోదావరి లోయలలోని రాళ్లు మిక్కిలి ప్రాచీనములు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామనపల్లిచెంత దొరకిన ఎముకలనుండి ఒక రాక్షసిబల్లి రూపమును శాస్త్రజ్ఞులు కూర్చిరి. దానికి కోటాసారసు అని నామకరణము చేసిరి. ఆ యస్థిపంజరమును హైదరాబాదులోని బిర్లా విజ్ఞానకేంద్రమున నేటికిని చూడవచ్చును. ఇట్టి రాళ్లకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా, అనగా గోండుల అడవి. 1885లో ఎడ్వర్డు సూయస్ అను ఆస్ట్రియా పండితుడు పూర్వము దక్షిణదిక్కుననున్న మహాఖండమునకంతకు ఈ పేరే పెట్టెను. మన గోండు సోదరులపేర, నాడు భారతదేశము, ఆస్ట్రేలియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా అన్నియు ఒకే నేలగా నుండెనని లోకమంతయు చదువుకొనుచున్నది.

ఈ సంగతి చెప్పగా మా వెంట వచ్చిన పిల్లలు, “అట్లయిన కంగారూలు మనకేల లేవు?” అని యడిగిరి. మంచి ప్రశ్న. సుమారు 13 కోట్ల యేండ్లక్రిందట మన భూభాగము ఆస్ట్రేలియాను, అంటార్కిటికాను విడిచి ఉత్తరముగా పయనము సాగించినది. సంచిజంతువుల పూర్వులు దక్షిణ అమెరికానుండి అంటార్కిటికామీదుగా ఆస్ట్రేలియా చేరునప్పటికి మనము చాలదూరము వచ్చితిమి. అందుచే కడుపున సంచి గల జంతువు మన అడవులలో లేదు.

కంగారూకు చెల్లెలివంటిది వాలబీ. ఆకారమదియే గాని పరిమాణము తక్కువ. వెనుకకాళ్లతో గంతులిడుచు, పొదలలోను గడ్డిలోను మేయుచు తిరుగును. ఆ తల్లి తన బిడ్డను గర్భమున మోయునది సుమారొక నెల మాత్రమే. పుట్టిన పిల్ల చిక్కుడుగింజయంత యుండును. కన్ను తెఱవదు, మేన రోమముండదు. అట్టి పసికందు తల్లిబొచ్చు పట్టుకొని తనంతట ప్రాకి సంచిలో చేరి, చనుమొనను నోట గఱచికొని, నెలలతరబడి అందే పెరుగును. వాన వచ్చినను వేట వచ్చినను తల్లి యెచ్చటనో బిడ్డ అచ్చటనే. ఇట్టి రక్షణమును చూచి ముచ్చటపడని తల్లి యుండదు.

మఱి మన కృష్ణమృగమునకు సంచి లేదు గదా, అది బిడ్డనెట్లు కాపాడుకొనును? ఈ యాత్రలో మేము తెలిసికొన్న ముఖ్యవిషయమిదియే.

ఉదయమున, పొగమంచు విడుచుచుండగా, అటవీశాఖవారి మనుష్యుడొకడు దారిచూపగా ఒక బయలుచేరువకు పోయితిమి. మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడ రేగుపొదలు. మొదట ఏమియు కనబడలేదు. పిమ్మట గడ్డిరంగులోనే కలిసియున్న యాడుజింకలు పది పండ్రెండు తలలెత్తినవి. వానికి కొంచెము దూరమున మగది నిలిచియుండెను. దాని వీపు కారునలుపు, కడుపు తెలుపు. కన్నులచుట్టు తెల్లని వలయములు కాటుకకు బదులు సున్నముతో తీర్చినట్లుండెను. రెండడుగుల కొమ్ములు మెలికలు తిరిగి పైకి లేచియున్నవి. ఆడుదానికి సామాన్యముగా కొమ్ములుండవు, మేను లేతగోధుమరంగు. మగపిల్లలును మొదట ఆ రంగుననే యుండి, వయసు వచ్చినకొలది నల్లబడును. మా యలికిడికి ఒక యాడుజింక నిలుచున్నచోటనుండియే గాలిలోనికి నిట్టనిలువున ఎగిరినది. దానిని చూచి మఱియొకటి, ఇంకొకటి. అట్లెగిరి చుట్టును చూచి, అపాయమని తోచినచో పరుగునకు దిగును. ఆ పరుగు గంటకు 80 కిలోమీటర్లవఱకు సాగునట! వేగమే దానికి కవచము. అందుచే దట్టమైన అడవి దానికి పనికిరాదు. దూరము చూచుటకును పరుగెత్తుటకును వీలగు బయలు కావలెను.

కాని అప్పుడే పుట్టిన పిల్లకు ఆ వేగమెక్కడిది? తల్లి ఆఱునెలలు మోసి సామాన్యముగా ఒక్క పిల్లనే కనును. పిల్ల కొలదిసేపటిలో లేచి నిలిచినను మందతో పరుగిడలేదు. అందుచే తల్లి దానిని గుబురుగడ్డిలో పరుండబెట్టి, తాను దూరముగా పోయి మేయును. దగ్గఱనే యుండినచో తన వాసనను పట్టి నక్కయో తోడేలో వచ్చునని దాని జాగ్రత్త. పిల్ల మెడ నేలకానించి, చెవులు వాల్చి, కదలక మెదలక పడియుండును. తల్లి నడుమనడుమ వచ్చి పాలిచ్చి మరల పోవును. తొలిదినములు ఇట్లు గడచినపిమ్మట పిల్ల మందలో కలియును. సోదరీమణులారా! వాలబీకి కడుపుననున్న సంచి యెట్టిదో, కృష్ణమృగమునకు గడ్డి యట్టిది. ఆ సంచి తల్లి యొంటిమీద నున్నది. ఈ సంచి నేలమీద నున్నది. తేడా యంతియే.

ఈ మాట మాకు పుస్తకములకంటె ముందు ఒక ముసలమ్మ చెప్పినది. తిరిగివచ్చునప్పుడు చేనిగట్టున పశువులకు గడ్డి కోయుచున్న అవ్వను పలుకరించితిమి. “అవ్వా, జింకపిల్ల ఒంటిగ కనబడితే ఏంజేస్తవు?” అని మాలో నొకరడిగిరి. ఆమె కొడవలి ప్రక్కనబెట్టి, “ఏంజేస్తనమ్మా? సూడనట్టె మర్రిపోత. పిల్లను ముట్టద్దు బిడ్డా! తల్లి ఏడికి వోలే. గా మోదుగుశెట్ల కాడ నిలవడి మనదిక్కే సూస్తాంటది. మనం పోతెనే అది అస్తది. మనం గాడనే కూసుంటె పిల్ల పస్తుంటది” అనెను. “మీ చేను మేయవా?” యనగా, “మెయ్యయా మరి? పెసరు మొలిసిందంటె రాత్రంత కావలుండాలె. కోపమైతె అస్తది. గంతమాత్రానికి సంపుతమా?” అని నవ్వి మరల కొడవలి యందుకొన్నది.

ఒంటిగా కనబడిన జింకపిల్లను తల్లిలేనిదనుకొని, జాలిచే ఇంటికి తెచ్చి సీసాపాలు పోయువారు మన గ్రామములలో కలరు. ఆవుపాలు దానికి సరిపడవు. మనుష్యుల నడుమ బెదరి పలుమాఱు చనిపోవును. బ్రతికినను అడవికి పనికిరాదు. శకుంతల జింకపిల్లను పెంచలేదా యని యడుగుదురేమో. కాళిదాసు చెప్పిన ఆ పిల్ల నిజముగా తల్లి చనిపోయినది. అందుచే శకుంతల దానికి తల్లి యైనది. తల్లి బ్రతికియుండగా బిడ్డ నెత్తుకొని వచ్చుట పెంపకము కాదు, ఎడబాపుట.

మంచిమనసుతో చేసినపనియు ఎట్టి చేటు తెచ్చునో వాలబీల కథయే చెప్పును. దక్షిణ ఆస్ట్రేలియాలో టూలాచీ వాలబీ యను నొక జాతి యుండెను. వేగమునకును అందమునకును ప్రసిద్ధి కెక్కిన జంతువది. అదియును గడ్డిబయళ్లలోనే నివసించెడిది. తెల్లవారు వచ్చి ఆ బయళ్లలోని తడినేలల నెండగట్టి సేద్యమునకు దున్నిరి; ఐరోపానుండి నక్కలను తెచ్చి వదలిరి; చర్మములకై వేటాడిరి. 1920 తరువాత, మిగిలిన కొలదిజంతువులను పట్టి వేఱొకచోట కాపాడవలెనని కొందఱు పూనుకొనిరి. తఱిమి పట్టబోవగా వానిలో పెక్కు ప్రాణములు విడిచినవి. 1939 ప్రాంతమున ఆ జాతియే లోకమున లేకపోయినది. గడ్డి పోయినతరువాత చేయిచాచి లాభము లేదు.

మఱియొక వాలబీజాతి భాగ్యము వేఱు. టామారు వాలబీలు ఆస్ట్రేలియాలో దక్షిణపు ప్రధానభూమిపై నశించినవి. కాని 19వ శతాబ్దమున సర్ జార్జి గ్రే అను గవర్నరు వానిలో కొన్నిటిని న్యూజీలాండునందలి కవావు ద్వీపమునకు కొనిపోయి వదలియుండెను. ఆ సంతతినే 2003లో తిరిగి తెచ్చి, 2004 మొదలు ఇన్నెస్ జాతీయవనమున విడిచిపెట్టిరి. పుట్టినింటికి పోవుటకు ఆడుబిడ్డకు నూఱేండ్లకు పైగా పట్టినదన్నమాట!

మన కృష్ణమృగమును ఇట్టి ప్రవాసమనుభవించినదే. పాకిస్తానులో అది నశించిపోగా, 1970 తరువాత అమెరికాలోని టెక్సాసునుండి తెచ్చి మరల పెంచవలసివచ్చెను. పూర్వము వేటగాండ్రు తమ వినోదమునకై ఈ దేశపు జింకలను అచ్చటకు చేర్చియుండిరి. కృష్ణసారము స్వేచ్ఛగా తిరుగు దేశమే యజ్ఞమునకు తగినదని మనుస్మృతి చెప్పినది. అట్టి జంతువును పరదేశమునుండి తెచ్చుకొనవలసివచ్చుట ఈ ఖండమున కెంత చిన్నతనము!

మనదేశమునను ప్రమాదము దగ్గఱకే వచ్చినది. రాజులు, నవాబులు చీతాలను మచ్చికచేసి, బండ్లపై కొనిపోయి జింకలమీదికి విడిచెడివారు. చివరకు ఆ చీతాలే మన దేశమున అంతరించినవని 1952లో ప్రకటించిరి. 1947లో దేశమున సుమారు 80 వేల కృష్ణమృగములుండెననియు, 1964నాటికి 8 వేలకు దిగెననియు అంచనా. 1972లో వన్యప్రాణి సంరక్షణచట్టము వచ్చి, కృష్ణమృగమును మొదటి పట్టికలో చేర్చినతరువాత జాతి తేరుకొన్నది. దానిని చంపుట, పట్టుట, పెంచుట, చర్మముగాని కొమ్ముగాని అమ్ముట అన్నియు నేరములే. చంపినవారికి 3 ఏండ్లు మొదలు 7 ఏండ్లవఱకు చెఱ. నేడు లోకములో అది అంతరించు జాతులలో చేరియుండలేదు. ఇది సంతోషింపదగిన సంగతి.

అయినను నిశ్చింతగా నుండరాదు. చట్టము జింకను కాచుచున్నది, గడ్డిని కాచువారెవరు? చెట్లున్నచో అడవి యందుము, పైరున్నచో పొలమందుము, గడ్డి యున్నచో బీడు, బంజరు అందుము. పేరులోనే దాని విలువను తీసివైచితిమి. సర్కారు లెక్కలలోను గడ్డిబయళ్లు పెక్కు పనికిరాని భూములలో చేరినవి. పనికిరానిదే యని ఒకరు దున్ని ప్రత్తి వేయుదురు. మఱియొకరు మొక్కలు నాటి పుణ్యము వచ్చినదందురు. ఇప్పపువ్వు ఏరుటకును తునికాకు చిగుర్చుటకును వేసవిలో నిప్పుపెట్టు అలవాటు కొన్నిచోట్ల నున్నది. ఆ నిప్పు గడ్డిలో ప్రాకినప్పుడు పెద్దజింక పరుగెత్తిపోవును. కదలవద్దని తల్లిచేత నేర్పబడిన పిల్ల కదలదు. ఊరకుక్కల గుంపులు మఱియొక యాపద. ఆస్ట్రేలియాలో నక్క చేసినపనిని ఇచ్చట కుక్క చేయును.

ఇంతమాత్రమున రైతును నిందించుట న్యాయము కాదు. ఎకరమో రెండెకరములో గల కుటుంబమునకు ఒక రాత్రి మంద పడినచో విత్తనపు ఖర్చే మిగులును. పంటనష్టమునకు పరిహారము వేళకు చేతికందినప్పుడే అవ్వవంటివారి సహనము నిలుచును. అట్లుగాక ప్రాణము విసిగి అడవిపందులకని చేనిచుట్టు కరెంటుతీగ పెట్టినచో, దానికి జింకయు పులియు ఒకటే. దారితప్పిన మనుష్యుడును ఒకటే. తీగ పెట్టిన యింటికే దుఃఖము వచ్చిన సందర్భములున్నవి.

మనుష్యులును కృష్ణమృగములును ఒకచోట బ్రతుకుట యసాధ్యము కాదు. మన శ్రీకాకుళముజిల్లాకు పొరుగుననున్న ఒడిస్సాలోని గంజాముజిల్లాలో, బుగుడాప్రాంతపు గ్రామములవారు, ఈ మృగములు పొలములో దిగుట శుభమని నమ్మి, తరతరములుగా వానిని కాపాడుచున్నారు. రాజస్థానములో బిష్ణోయిలు వానిని తమ బిడ్డలుగా చూతురు. 1730లో ఖేజర్లీగ్రామమున జమ్మిచెట్లను కొట్టవచ్చిన రాజభటుల కెదురునిలిచి, చెట్టును కౌగిలించుకొని ప్రాణమిచ్చినది అమృతాదేవి యను గృహిణియే. ఆమెతో కలిపి 363 మంది ప్రాణములర్పించిరి. జమ్మిచెట్టు నేడు మన తెలంగాణమునకు రాష్ట్రవృక్షము; మచ్చలజింక రాష్ట్రజంతువు. ఆ గౌరవము పేరునకే పరిమితమైన ఫలమేమి?

ఇందు మన చేతిలోని పనులు కొన్ని కలవు. గడ్డిలో ఒంటిగానున్న జింకపిల్లను చూచినచో తాకక, అక్కడ నిలువక, నిశ్శబ్దముగా వెనుదిరుగవలెను. అది గాయపడినదైనను, తల్లి చనిపోయినట్లు కన్నులార చూచినను, అటవీశాఖవారికి కబురు పంపవలెను. గ్రామమున నున్న సోదరీమణులు వేసవిలో నిప్పు పెట్టవద్దని ఇంటిలోని మగవారికి చెప్పవలెను. జింకచర్మమో కొమ్ములో ఎవరైన అమ్మవచ్చినచో, పూజకేయనినను కొనరాదు. కాళేశ్వరయాత్రకు పోవువారు కోటపల్లిదారిలో బండి మెల్లగా నడిపింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, మన పిల్లలకు గడ్డిబయలును చూపి, “ఇది బీడు కాదు నాయనా, దీనిలో ఒక తల్లి తన బిడ్డను దాచుకొన్నది” అని చెప్పవలెను.

వాలబీతల్లి సంచిని ఎవరును దున్నలేరు. మన కృష్ణమృగముల సంచి మన గట్టుప్రక్కననే పఱచియున్నది. దానిని చినిగిపోనీయకుండుట ఇరుగుపొరుగున నున్న మనవంతు.